యాభై యాప్‌ల లిస్టు వచ్చింది సార్, ఏది వాడమంటారు?

ప్రశ్న: సార్ గారికి నమస్కారం. నేను పలమనేరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఫిజికల్ సైన్స్ పోస్టు ఖాళీగా ఉండడంతో ఎనిమిదో తరగతికి అది కూడా నేనే చెబుతున్నాను. ఈమధ్య చుట్టుపక్కల బడుల టీచర్లందరికీ జరిగే కాంప్లెక్స్ మీటింగ్‌లో 'పాఠాలకు ఆన్‌లైన్ టూల్స్ వాడండి' అన్నారు. సాయంత్రానికల్లా మా వాట్సాప్ గ్రూపులో 'టీచర్లకు 50 ఉచిత టూల్స్' అని ఒక లిస్టు వచ్చి పడింది. దసరా సెలవుల్లో కూర్చుని పదకొండు సైట్లలో అకౌంట్లు తెరిచాను. ఇప్పుడు వాటి పాస్‌వర్డ్‌లు కూడా గుర్తు లేవు. ఎనిమిదో తరగతిలో 42 మంది. గదిలో ప్యానెల్ (గోడకు బిగించిన పెద్ద డిజిటల్ తెర) ఉంది గానీ నెట్ మాత్రం వేపచెట్టు కిందికి పోతేనే వస్తుంది. ఒకరోజు ఇంటి నుంచి ఫోన్లు తెచ్చుకోమని క్విజ్ పెట్టాను. పదిహేను మంది తెచ్చారు. తేలేని పిల్ల ఒకతి బెంచీ మీద తల పెట్టుకుని ఏడ్చింది. అప్పటి నుంచి వీటి పేరెత్తితేనే టెన్షన్. సగం మంది ఇళ్ళలో తమిళమో కన్నడమో మాట్లాడతారు. సాయంత్రం క్లాసు పెడదామంటే అడవి పక్క ఊళ్ళ పిల్లలు, ఏనుగుల భయం, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇన్నిట్లో నాకు నిజంగా పనికొచ్చేవి ఏవి? లెక్కల తయారీకి ఏఐ వాడొచ్చా? మా హెచ్.ఎం. గారు వారానికో ఫోటో అడుగుతున్నారు, అదొకటి.
— ఒక టీచర్, పలమనేరు మండలం

జవాబు: అమ్మా, ముందు ఆ లిస్టును ఫోన్లోంచి తీసేయండి. నాకూ అలాంటివి వస్తూనే ఉంటాయి. వాటిలో చాలావరకు క్లాసులో వాడి చూసి రాసినవి కావు, ఒక లిస్టును చూసి ఇంకో లిస్టు. సగానికి సగం పిల్లాడికొక కంప్యూటర్ ఉండే బడుల కోసం పుట్టినవి. మన దగ్గర ఉన్నదేమిటి? ఒక ప్యానెల్, మీ చేతిలో ఒక ఫోన్, ఆవరణలో ఒక వేపచెట్టు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, ఆ మూడింటితో జరిగే పనేదో చూద్దాం.

ఆ పిల్ల ఏడ్చిన సంగతి చదివి కాసేపు ఉత్తరం పక్కన పెట్టాను. మీ తప్పని అనను. కానీ ఆ ఒక్క పూటలోనే మీకు కావాల్సిన జల్లెడ దొరికింది: పిల్లల చేతిలో ఫోన్ ఉంటే తప్ప నడవనిది ఏదీ మీ క్లాసుకు వద్దు. ఈ జల్లెడ పడితే యాభైలో ముప్పై రాలిపోతాయి. కహూట్ అనే క్విజ్ ఆటనే తీసుకోండి. నార్వేలో పుట్టింది, రంగులు, సంగీతం, గెలిచినవాళ్ళకు పీట, పిల్లలకు పండగే. మీ క్లాసులో మాత్రం అది పదిహేను మంది ఆడుతుంటే ఇరవై ఏడు మంది చూస్తూ కూర్చునే ఆట. పైగా త్వరగా నొక్కినవాడికి ఎక్కువ పాయింట్లు. లెక్కల్లో నిదానంగా ఆలోచించే పిల్లాడికి మనం ఇంకా ఎన్నాళ్ళు మొట్టికాయలు వేస్తాం చెప్పండి.

రెండో జల్లెడ నా సొంత అవమానంలోంచి వచ్చింది. రిటైర్ కావడానికి రెండేళ్ళ ముందు, తిరుపతికి దగ్గర్లో ఒక బడిలో నన్ను డెమో పాఠం చెప్పమన్నారు. విద్యుత్ వలయాలు. వెనక బెంచీల నిండా టీచర్లు. అంతా ఆన్‌లైన్లో తెరిచి చూపిస్తాను కదా అని చేతులూపుకుంటూ వెళ్ళాను, కనీసం ఒక బల్బూ బ్యాటరీ కూడా సంచిలో వేసుకోలేదు. తెర మీద ఆ గుండ్రటి చక్రం తిరుగుతూనే ఉంది. హాట్‌స్పాట్ ఆన్ చేశాను, ఆఫ్ చేశాను, కిటికీ దగ్గరికి పోయి ఫోన్ పైకెత్తి పట్టుకున్నాను. పన్నెండు నిమిషాలు. చివరికి ముందు బెంచీ కుర్రాడు జాలిపడి, 'సార్, బోర్డు మీద గీసేయండి సార్, మాకు అర్థమైపోతాది' అన్నాడు. వెనక నుంచి నవ్వులు. గీశాను. పాఠం బాగానే నడిచింది. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌లోకి దిగనిదాన్ని నమ్ముకుని నేను క్లాసుకు పోలేదు. ఇప్పుడు చెప్పబోయే మొదటిదానికి మాత్రం ఈ నియమంలో కొంచెం సడలింపు ఇచ్చాను, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

దాని పేరు ప్లికర్స్. ఫోన్ ఒక్కటి చాలు, అదీ మీదే. ప్రతి పిల్లాడికీ ఒక కాగితం కార్డు ఇస్తారు. దాని మీద నల్ల గళ్ళతో ఒక బొమ్మ, క్యూఆర్ కోడ్‌కి చుట్టంలాగా ఉంటుంది. నాలుగు అంచుల్లో చిన్న అక్షరాలతో ఏ, బీ, సీ, డీ. బోర్డు మీద ప్రశ్న, కింద నాలుగు జవాబులు. తన జవాబు అక్షరం పైకి వచ్చేలా పిల్లాడు కార్డు తిప్పి పట్టుకుంటాడు. మీరు బల్ల దగ్గర నిలబడి యాప్‌లోని కెమెరాను క్లాసు మీదుగా నిదానంగా తిప్పితే, ఏ నంబరు కార్డు ఏ జవాబు చెప్పిందో మీ ఫోన్లో పడిపోతుంది. ఏ కార్డు బొమ్మ దానిదే, అక్షరాలు కూడా చిన్నవి, కాబట్టి పక్కవాడిది చూసి తిప్పుకోవడం కష్టం. పిల్లలకు అకౌంట్ లేదు, పాస్‌వర్డ్ లేదు. పేర్లు కూడా ఎక్కించకండి, రోల్ నంబర్లు చాలు. ఉచిత ఖాతాకు కొన్ని పరిమితులున్నాయి గానీ రోజుకు రెండు మూడు ప్రశ్నలకు ఏ ఇబ్బందీ ఉండదు. అంతకన్నా ఎక్కువ అడిగితే పాఠం చెప్పడానికి టైమెక్కడిది?

దీంతో జరిగిన ఒక పీరియడ్ సంగతి చెప్తాను. ఎనిమిదో తరగతే. బోర్డు మీద ఒక చదరం గీసి, 'దీని భుజం రెట్టింపు చేస్తే వైశాల్యం ఏమవుతుంది?' అని రాశాను. మారదు, 2 రెట్లు, 3 రెట్లు, 4 రెట్లు. కార్డులు లేచాయి. సగం మందికి పైగా 2 రెట్లు. మామూలుగా అయితే ముందు బెంచీలో ఇద్దరు 'నాలుగు రెట్లు సార్' అని అరుస్తారు, మిగతావాళ్ళు వాళ్ళతో పాటు తలూపుతారు, అందరికీ వచ్చేసిందని నేను ముందుకు పోతాను. అన్నేళ్ళూ అలాగే పోయాను కూడా. ఆ రోజు జవాబు బయటపెట్టకుండా, 'పక్కవాళ్ళది వేరే జవాబైతే మీరు కరెక్టని వాళ్ళను ఒప్పించండి, మూడు నిమిషాలు' అన్నాను. క్లాసంతా సంతగా మారింది. అందులోంచి మూడో బెంచీలో ఒక అమ్మాయి గొంతు వినబడింది: 'ముగ్గు గుర్తు తెచ్చుకోవే. నాలుగు చుక్కలు నాలుగు వరసల ముగ్గుకు పదహారు చుక్కలు. ఎనిమిది చుక్కలు ఎనిమిది వరసలైతే? ముప్పై రెండా? ధనుర్మాసంలో పెట్టి చూడు, నడుం విరుగుతాది.' అరవై నాలుగు. నేను సుద్దముక్క ఆ పిల్ల చేతికిచ్చి పక్కకు జరిగాను. లెక్కల టీచరు కాబట్టి మీకు వెంటనే అనుమానం వస్తుంది, నాలుగు చుక్కల మధ్య గళ్ళు మూడే కదా అని. నిజమే, అందుకే ఒక్కో చుక్క చుట్టూ ఒక్కో గడి గీయించాను. మళ్ళీ కార్డులు ఎత్తమంటే నలుగురో ఐదుగురో తప్ప అందరూ డీ వైపు తిప్పారు. ఆ నలుగురైదుగురి నంబర్లు నా ఫోన్లో ఉన్నాయి, మధ్యాహ్నం భోజనాల తర్వాత వాళ్ళతో కూర్చున్నాను.

ఇలా ఒకసారి అడిగి, జవాబు చెప్పకుండా పిల్లల్లో పిల్లల్ని వాదించుకోనిచ్చి, మళ్ళీ అడిగే పద్ధతిని హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టారు. ఆయన క్లాసులో మొదట్లో ఏ యంత్రమూ లేదు, విద్యార్థులు చేతులే ఎత్తేవాళ్ళు. అందువల్ల నెట్ అందక ప్లికర్స్ నడవని రోజున మీరూ గుండెల దగ్గర వేళ్ళు చూపించమనండి, ఒకటి నుంచి నాలుగు. ఎవరెవరు తప్పారో లెక్క దొరకదు గానీ క్లాసు ఏ వైపు ఒరిగిందో కనిపిస్తుంది. సడలింపు ఇచ్చానన్నది ఇందుకే. ప్రశ్న మాత్రం మంచిదై ఉండాలి. తప్పు జవాబులు ఊరికే నింపినవి కాకుండా, పిల్లలు నిజంగా చేసే తప్పులే అయ్యుండాలి. అవి మీకు తెలిసినట్టు ఏ సైటుకూ తెలియవు. పాత ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల పేపర్ల కట్ట విప్పండి, కుప్పలుగా దొరుకుతాయి.

కార్డుల విషయంలో రెండు చిన్న సంగతులు, నేను దెబ్బతిని నేర్చుకున్నవి. ప్లికర్స్ సైట్లో మామూలు సెట్ 40 కార్డులది. మీ దగ్గర 42 మంది, కాబట్టి 63 కార్డుల సెట్ దించుకోండి. ప్రింటు తీయించాక మెరిసే ల్యామినేషన్ చేయించకండి. ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద పడి కెమెరా చదవదు, నేను డబ్బులు పెట్టి చేయించి మళ్ళీ చింపాను. పెళ్ళి శుభలేఖల అట్టలు ఇంట్లో పేరుకుపోయి ఉంటాయి కదా, వాటి వెనక అతికించండి, రెండేళ్ళు వస్తాయి. పిల్లలు కార్డును అంచుల్లోనే పట్టుకోవాలి, వేలు నల్ల గళ్ళ మీదికి వస్తే చదవదు. అట్ట కార్డులతో చదువేమిటని స్టాఫ్ రూమ్‌లో ఎవరైనా నవ్వితే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ బడి వాళ్ళ సంగతి చెప్పండి. ఒకే టీచరు, నాలుగైదు తరగతులు ఉండే పల్లె బడుల కోసం వాళ్ళు పాఠాలన్నిటినీ కార్డులుగా కోసి, పిల్లాడు తన మెట్టు కార్డు తానే తీసుకుని చదువుకునేలా 'స్కూల్ ఇన్ ఎ బాక్స్' తయారుచేశారు. కర్ణాటక సర్కారు బడుల్లో ఆడుతూ నేర్పే 'నలి-కలి' పద్ధతికి దారి చూపింది అదే. కరెంటు కూడా అక్కర్లేదు దానికి.

రెండోది మీ సబ్జెక్టుకే పుట్టింది, జియోజీబ్రా, తెర మీద రేఖాగణితం బొమ్మలు గీసి కదిలించి చూసే సాఫ్ట్‌వేర్. 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కస్ హోహెన్‌వార్టర్ అనే విద్యార్థి మొదలుపెట్టిన పని అది. వ్యాపారానికి కాకుండా చదువుకు వాడుకుంటే ఉచితం. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే నెట్‌తో పని లేదు, ఫోన్లోనూ కంప్యూటర్లోనూ నడుస్తుంది. అందులో వంద పనులున్నాయి, వాటి జోలికి పోకండి. ఈ నెలకు ఒక్కటి నేర్చుకోండి. ఒక వృత్తం గీయండి, వ్యాసం గీయండి, పరిధి మీద ఒక బిందువు పెట్టి దాన్ని వ్యాసం రెండు కొసలకూ కలపండి, అక్కడ ఏర్పడిన కోణాన్ని కొలవమనండి. తెర మీద 90 అని పడుతుంది. ఇక్కడే చాలామంది వెంటనే ఆ బిందువును లాగేసి 'చూశారా పిల్లలూ' అంటారు. పిల్లలు చూస్తారు, మర్చిపోతారు. మీరు లాగకండి. వేలు దాని మీద పెట్టి ఆగండి. 'దీన్ని ఇటు ఈ కొస దగ్గరికి తీసుకుపోతున్నాను. కోణం పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా? నోటుబుక్కులో రాయండి' అనండి. అందరూ రాశాక లాగండి. కొస దగ్గరికి పోతుంటే త్రిభుజం సన్నబడి చీలికలాగా అవుతుంది, కోణం మాత్రం 90 దగ్గరే కూర్చుంటుంది. తగ్గుతుందని రాసినవాడి ముఖం చూడండి అప్పుడు. ఎందుకు మారలేదన్న ప్రశ్న వాడి నోటి నుంచే వస్తుంది. ఇక ఉపపత్తి నల్లబల్ల మీద చెప్పండి, ఆ పని ప్యానెల్ కంటే సుద్దముక్కే బాగా చేస్తుంది.

ఎనిమిదో తరగతి ఫిజికల్ సైన్స్ మీ నెత్తిన పడింది కాబట్టి మూడోది ఫెట్. అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ళది. 2001లో భౌతికశాస్త్రంలో నోబెల్ పంచుకున్న కార్ల్ వీమన్ ఆ మరుసటి ఏడాదే దాన్ని మొదలుపెట్టారు. ప్రయోగాల బొమ్మలాటలు అనుకోండి. కొన్నిటికి తెలుగు కూడా ఉంది. ఒక్కోటీ ఒక్కో ఫైలుగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు, తర్వాత నెట్ లేకుండా బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. ప్యానెల్‌లో నేరుగా తెరిస్తే ఒక్కోసారి మొండికేస్తుంది, అప్పుడు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో తగిలించండి. 'ఫోర్సెస్ అండ్ మోషన్: బేసిక్స్' అన్నది మొదట దించుకోండి. అందులో చలనం తెర తెరిచి, ఘర్షణ లేని నేల మీద పెట్టెను నెట్టి వదిలేయండి. 'నెట్టడం ఆపేశాను, ఏమవుతుంది?' అంటే క్లాసంతా ఒకే గొంతుతో 'ఆగిపోతాది' అంటుంది. అది ఆగదు. వేగం ముల్లు అక్కడే నిలబడి ఉంటుంది. ఆ తర్వాత ఘర్షణ ఉన్న తెరకు వెళ్ళి అదే పని చేయండి. మన నేల మీద ఎడ్లబండి ఎందుకు ఆగుతుందో, ఆపేది ఎవరో అప్పుడు మాట్లాడండి. ఇదొక్కటే పీరియడ్ మొత్తం నడుస్తుంది. కానీ నిజంగా చేయగలిగిన ప్రయోగాన్ని తెర మీద చూపించి సరిపెట్టకండి. బల్బు వెలిగించడం బల్బుతోనే చేయాలి. ఘర్షణ లేని నేల మన బడిలో దొరకదు కాబట్టి దానికి ఫెట్.

సర్కారు వారి పాఠాల యాప్ దీక్షా గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది, ట్రైనింగుల్లో విని విని విసిగిపోయి ఉంటారు. 2017 సెప్టెంబరు 5న అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్య నాయుడు గారు ప్రారంభించారు, పాఠ్యపుస్తకాల్లో ఆ క్యూఆర్ కోడ్‌లు దానివే. అందులో బంగారమూ ఉంది, రాళ్ళూ ఉన్నాయి. కొన్ని వీడియోల్లో టీచరు పుస్తకం పట్టుకుని చదవడమే, అది మీరు ఇంకా బాగా చదవగలరు. కాబట్టి ముందు రోజు చూసుకుని, రెండు నిమిషాల ముక్క ఏది పనికొస్తుందో గుర్తు పెట్టుకుని, యాప్‌లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఇరవై నిమిషాల వీడియో వేసి కుర్చీలో కూర్చోవడం ఏ పనిముట్టుతో చేసినా ఒకటే. పిల్లలకు అది సినిమా పీరియడ్. ఇతర వీడియోలైతే దించుకోకుండా నేరుగా వేస్తే మధ్యలో ప్రకటనలు దూరతాయి. వృత్తలేఖిని ఎలా పట్టుకోవాలో చూపిస్తుంటే రమ్మీ ఆడమని ఎవరో పిలిచిన రోజు నాకుంది.

ఇవన్నీ ఎప్పుడు దించుకోవాలి అంటారేమో. దానికేగా వేపచెట్టు ఉంది. వారంలో ఒక్క రోజు, శనివారం మధ్యాహ్నం అనుకోండి, అరగంట ఆ చెట్టు కింద కూర్చోండి. వచ్చే వారం పాఠాల్లో పిల్లలు ఎక్కడ జారిపడతారో ఒక కాగితం మీద రాసుకోండి. మొత్తం పాఠం వద్దు, జారిపడే చోటు మాత్రమే. వారానికి ఒకటో రెండో ఉంటాయి. వాటికి పనికొచ్చేది ఏదైనా దొరికితే దించుకోండి. దొరక్కపోతే ఆ వారం ఏమీ వాడకండి, కొంపేమీ మునగదు. ఇటు నుంచి కాకుండా అటు నుంచి పోతేనే చిక్కు: మంచి యాప్ దొరికింది, దీన్ని ఏ పాఠంలో ఇరికిద్దామా అని వెతకడం. ఆ పని చేసి నేను ఒక ఏడాది పాడుచేసుకున్నాను.

దించుకోమని అంతగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. ఉచితం అన్న మాటకు మన దగ్గర ఒకే అర్థం, డబ్బులివ్వక్కర్లేదని. బయట అది రకరకాలు. ఫెట్ లాంటివి విశ్వవిద్యాలయాలు నిధులు తెచ్చుకుని నడిపేవి. కొన్ని కంపెనీలు మనకు సగం ఊరికే ఇచ్చి, మిగతా సగానికి చందా అడిగేవి. ఈ రోజు ఉచితంగా ఉన్నది రేపు అలాగే ఉండాలని రాసి ఇచ్చినవాళ్ళెవరూ లేరు. గూగుల్ వాళ్ళ జామ్‌బోర్డ్ కోవిడ్ రోజుల్లో ఎంతోమంది టీచర్లకు నల్లబల్ల అయింది. 2024 డిసెంబరు 31తో దాన్ని మూసేశారు. ముందే చెప్పారు, దాచుకోవడానికి గడువూ ఇచ్చారు, అయినా దాచుకోని బొమ్మలు పోయినట్టే. మీరు తయారుచేసుకున్న ప్రశ్నలు ఏ సైట్లో ఉన్నా సరే, ఒక నోటుబుక్కులో కూడా ఉండనివ్వండి. ఆ పదకొండు అకౌంట్లలో గుర్తున్నవాటిని తెరిచి మూసేయండి. ఇకమీదట బడి పనులకు విడిగా ఒక మెయిల్ ఐడీ పెట్టుకోండి, సొంత మెయిల్ ఐడీ ఎక్కడపడితే అక్కడ ఇవ్వకండి.

ఏఐ సంగతి. వాడొచ్చు, మీరు వాడండి, పిల్లల చేత వాడించకండి. చాట్‌జీపీటీ గానీ జెమినీ గానీ లెక్కల తయారీలో మంచి సహాయకులు. 'వడ్డీ లెక్కలు పది కావాలి, ఎనిమిదో తరగతికి, పాల డెయిరీ బిల్లులు, తోతాపురి మామిడి లోడ్లు, బెల్లం మండీ లాంటి సంగతులతో' అని తెలుగులోనే అడగండి. నిమిషంలో ఇస్తుంది. ఇచ్చిన ప్రతి లెక్కనూ మీరు చేసి చూసుకోవాలి, అది ఒట్టి సలహా అనుకోకండి. కాలం–పని లెక్కలు అడిగితే ఒకసారి నాకు జవాబుగా పన్నెండున్నర మంది కూలీలు వచ్చారు. సగం మనిషిని ఏ ఊరి నుంచి పిలవాలో అది చెప్పలేదు. తెలుగు పారిభాషిక పదాల దగ్గర ఇంకా జాగ్రత్త. మన పుస్తకాల్లో లంబకోణ త్రిభుజానికీ (హైపోటెన్యూస్) కర్ణమే, దీర్ఘచతురస్రానికీ (డయాగొనల్) కర్ణమే. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం వేరు, త్రిభుజంలో మధ్యగత రేఖ వేరు. ఈ తేడాలు యంత్రం కలిపేస్తే, అసలే ఇంట్లో తమిళం, కన్నడం మాట్లాడే పిల్లలు, ఎక్కడికి పోతారు? మన పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది కదా, పదాలు అక్కడి నుంచే తీసుకోండి. ఆ పేజీలోని పదాలను యంత్రానికి ముందే ఇచ్చి 'ఇవే వాడు' అంటే చాలావరకు మాట వింటుంది.

పిల్లల పేర్లు, మార్కుల లిస్టులు, ఆధార్ నంబర్లు, ఫోటోలు అందులో పెట్టకండి. 'ఈ మార్కులు చూసి వెనకబడినవాళ్ళు ఎవరో చెప్పు' అని మొత్తం రిజిస్టరు ఫోటో తీసి పంపినవాళ్ళను చూశాను. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు అందరినీ పిల్లలుగానే లెక్కగడుతుంది, వాళ్ళ సమాచారం వాడాలంటే అమ్మానాన్నల అనుమతి ఉండాలంటుంది. చట్టం సరే, మీ పిల్ల మార్కులు ఇంకొకరు ఊరందరికీ చూపిస్తే మీకెలా ఉంటుంది? అంతే.

తమిళం, కన్నడం పిల్లల మాట వచ్చింది కాబట్టి ఒకటి మీ తెలుగు టీచర్‌కు చెప్పండి. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ అనే సైటు 2015 నుంచి ఉంది. పిల్లల కథల పుస్తకాలు బొమ్మలతో సహా ఉచితంగా దించుకోవచ్చు, ప్రింటు తీసి పంచినా అడిగేవాళ్ళు లేరు, ఆ హక్కు వాళ్ళే ఇచ్చారు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా పెట్టారు. చాలా కథలు తెలుగులోనూ తమిళంలోనూ కన్నడంలోనూ ఉంటాయి. ఒకే కథ రెండు భాషల్లో ప్రింటు తీసి పక్కపక్కన పెడితే, ఇంటి భాష వచ్చిన పిల్లాడు రెండోది గుర్తుపట్టుకుంటూ పోతాడు. లెక్కలకు దగ్గరగా ఉండే కథలూ ఉన్నాయి, మీకూ అక్కరకొస్తాయి. గూగుల్ ఫామ్స్‌తో క్విజ్ పెట్టొచ్చు, దిద్దే పని అదే చేస్తుంది, పదో తరగతి రివిజన్‌కు బాగుంటుంది. కానీ ఇంట్లో ఉండే ఒక్క ఫోన్ పాలు పోసొచ్చిన నాన్నతో పాటు రాత్రి ఎనిమిదికి ఇంటికొస్తుంది. అందువల్ల ఇష్టమున్నవాళ్ళు చేయొచ్చు అని వదలండి, మార్కులకు ముడిపెట్టకండి, అవే ప్రశ్నలు మర్నాడు బోర్డు మీద కూడా రాయండి.

కొత్త టర్ము నుంచి మొదలుపెడదామని వాయిదా వేయకండి. రేపు సోమవారం ఒక్క ప్రశ్న, కార్డులు లేకుండా వేళ్ళతో. అది కుదిరితే శనివారం కార్డులు ప్రింటు. జియోజీబ్రా దాని తర్వాతి నెల. ఫెట్ అవసరం వచ్చినప్పుడు. మొత్తం ఏడాదికి మూడంటే మూడు. ఇంకెవరైనా కొత్త లిస్టు పంపితే దండం పెట్టే బొమ్మ ఒకటి పెట్టి ఊరుకోండి.

ఇక ఫోటో. హెచ్.ఎం. గారి మీద కోపం తెచ్చుకోకండి, ఆయన్ని ఎంఈఓ (మండల విద్యాధికారి) గారు అడుగుతారు, ఎంఈఓ గారిని ఇంకొకరు అడుగుతారు. ఫోటో కోసం పాఠం ఆపకండి, దాని కోసం పిల్లల చేత నటింపజేయకండి. రెండోసారి కార్డులు ఎత్తమన్నప్పుడు 'ముఖానికి అడ్డంగా పెట్టుకుని పట్టుకోండి' అనండి. స్కాన్‌కూ అదే వీలు, కార్డులన్నీ ఒకే ఎత్తులో ఉంటాయి. స్కాన్ అయిన వెంటనే అదే చోట నిలబడి ఒక్క క్లిక్. ఫోటోలో నలభై రెండు కార్డులు పడతాయి, ఒక్క పిల్ల ముఖం కూడా పడదు.